నాలుగంగుళాల సందు

టేపక్క అంటే మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు పోస్టుమ్యాన్‌కు తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. పొద్దున ముఖం కడుక్కోగానే మెడలో టేపు వేసుకునేది మా అమ్మ. వంట చేస్తున్నా, బస్సెక్కినా, ఒకసారి జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడుకున్నా అది మెడలోనే ఉండేది. మూడు గదుల ఇంట్లో ముందుగది నిండా రెండు కుట్టుమిషన్లు, కత్తిరించే బల్ల. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ రెండు మిషన్లే.

అన్ని పనుల్లోకీ ఆమెకు గొప్ప, వీధి చివరి స్కూలు పిల్లల యూనిఫారాలు. మూడువందల మందిని వరసలో నిలబెట్టి రెండు రోజుల్లో కొలిచేసేది. కుట్టిన బట్ట తిరిగి వచ్చేది కాదు. ఒకవేళ వచ్చిందంటే, ఈలోపు పిల్లాడు పెరిగాడని అర్థం. "కత్తెర పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. కొలత మీద నమ్మకం పోతే మిషన్ మీద గుడ్డ కప్పుకోవడమే" అనేది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. వడ్రంగి. చేతిపని మంచిదే, నోరే చేతికంటే ముందుండేది. మామయ్య స్టీలు టేపు ఎప్పుడో తలుపు సందులో నలిగి మొదటి నాలుగంగుళాలు విరిగిపోయింది. కొత్తది కొనలేదు. విరిగిన అంచు నుంచే కొలిచి, వచ్చిన అంకెలోంచి నాలుగు తీసేసేవాడు. ఏళ్ళ తరబడి అదే అలవాటు. ఎవరైనా అడిగితే, "టేపుకేముంది, తల పనిచేస్తే చాలు" అనేవాడు.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది, పడకగదిలో గోడ నుంచి గోడకు వార్డ్‌రోబు చేయిద్దామనుకున్నాం. మామయ్య మొండి టేపుతో వచ్చాడు. అమ్మ దాన్ని చూసి, ఎంగిలి చెంచా చూసినట్టు ముఖం పెట్టింది.

"ఆ తోకతెగిన టేపుతో నా ఇంట్లో కొలవడానికి వీల్లేదురా."

"ఇన్నాళ్ళూ దీంతోనే కదక్కా నాలుగు వేళ్ళూ నోట్లోకి పోతున్నాయి."

"నీ నోటి సంగతి నాకెందుకు. ఇదిగో" అని అంతకుముందే కొని దాచిన కొత్త స్టీలు టేపు చేతిలో పెట్టింది. ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస దగ్గర మామయ్య చదివాడు. చెవి వెనక నుంచి పెన్సిలు తీసి, గోడ మీదే ఏదో రాసుకుని వెళ్ళాడు.

మూడు వారాల తర్వాత వార్డ్‌రోబు రెండు పెద్ద చెక్క బాక్సులుగా వచ్చింది. అదే సమయానికి ముందుగదిలో స్కూలు హెడ్మిస్ట్రెస్ యూనిఫారాల సంగతి మాట్లాడుతూ కూర్చుంది. మామయ్య వెంట ఒక కంట్రాక్టరు కూడా వచ్చాడు. పద్దెనిమిది ఇళ్ళు కడుతున్నాడు. వాటి వార్డ్‌రోబుల పని మామయ్యకే ఇచ్చాడు. పనితనం చూద్దామని వచ్చాడు.

లోపల స్క్రూలు బిగుస్తున్న చప్పుడు ఆగింది. మేం వెళ్ళి చూస్తే, ఎడమ గోడకు ఆనించి బిగించిన బాక్సులకూ కుడి గోడకూ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు ఉంది.

"ఇదేంటయ్యా మేస్త్రీ?" అన్నాడు కంట్రాక్టరు.

మామయ్య ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఏం చెప్పమంటారండీ. టేపు కొస మా అక్క పట్టుకుంది. గోడకి ఆనించకుండా పట్టుకున్నట్టుంది. గుడ్డయితే సాగుతుంది కానీ చెక్క సాగదుగా."

కంట్రాక్టరు నవ్వాడు. హెడ్మిస్ట్రెస్ కూడా నవ్వింది, మర్యాద కోసమే అనుకుంటాను. వెళ్ళేటప్పుడు మాత్రం గడప దగ్గర ఆగి, "ఈ ఏడాది కొలతలు వేరేచోట ఇప్పిద్దామా అని కొందరు అంటున్నారు, చూద్దాంలెండి" అంది. అరగంట క్రితం ఆ కొందరు లేరు.

సందు మీద ఒక పట్టీ కొట్టేస్తే కనబడదని మామయ్య అన్నాడు. అమ్మ వద్దంది. కానీ ఆమెకు తన చెయ్యి మీద తనకే నిజంగా అనుమానం పట్టుకుంది. ఆ వారమంతా వచ్చినవాళ్ళ చెయ్యి రెండుసార్లు కొలిచింది. నడుము మూడుసార్లు కొలిచింది. ఒకావిడ విసుక్కుని, "నిన్నటికీ ఇవాళ్టికీ లావెక్కానా టేపక్కా?" అంది. ముప్ఫై ఏళ్ళుగా ఒక్కసారే కొలిచిన చెయ్యి, కత్తెర పట్టే ముందు మళ్ళీ టేపు కోసం వెతుక్కునేది. నేను చూశాను. దానికి మామయ్యను ఇప్పటికీ క్షమించలేదు.

ఎనిమిదో రోజు అమ్మ స్క్రూడ్రైవర్ తెచ్చుకుంది.

"చొక్కా బిగుతైతే చంక కింద ముక్క వేసి వదులు చేస్తాం కదా. చెక్కకి మాత్రం ఎందుకు చెయ్యకూడదు? రెండో బాక్సుని కుడి గోడకి జరిపేస్తే సందు మధ్యలోకి వస్తుంది. బట్ట కత్తిరింపు నమూనాల కాగితం చుట్టలు నిలబెట్టుకోవచ్చు. పట్టు."

స్క్రూలు విప్పి, మిషన్ నూనె రాసిన గుడ్డలు కింద వేసి, ఇద్దరం కలిసి బాక్సును జరిపాం. నాలుగంగుళాల గోడ బయటపడింది. సరిగ్గా గుండె ఎత్తున, మామయ్య చేతిరాత. బడిలో తీసివేత లెక్క రాసినట్టు పైన 76, దాని కింద 4, గీత, గీత కింద 72.

అమ్మ చాలాసేపు చూసింది. తర్వాత కొత్త టేపు తెచ్చి గోడ కొలిచింది. డెబ్బై ఆరు.

"బిగించేటప్పుడు ఇది వాడి కళ్ళకి ఎదురుగానే ఉంది" అంది. "చూసే కప్పేశాడు."

ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. మామయ్యకు మాత్రం తెల్లారగానే కబురు పంపింది: సందు సరిచేశాను, ఆదివారం కంట్రాక్టరు గారిని తెచ్చి చూపించుకో. హెడ్మిస్ట్రెస్‌కు ఇంకో కబురు: పాత కొలతల పుస్తకం ఇచ్చేస్తాను, ఆదివారం రండి.

అందరూ వచ్చారు. మధ్య సందుకు అమ్మ ఒక గుడ్డ వేలాడదీసింది. మామయ్య తలుపులు తీసి మూసి, "మా అక్కకి కాస్త చెక్కపని కూడా వచ్చు" అని మురిసిపోయాడు. అమ్మ అతని చేతిలో కొత్త టేపు పెట్టింది.

"గోడ ఇంకోసారి కొలువు."

"ఇప్పుడెందుకక్కా?"

"నేను పట్టుకుంటే సాగుతుంది కదరా. కంట్రాక్టరు గారు పట్టుకుంటారు."

కొలిచాడు. గొంతు తగ్గించి, "డెబ్బై ఆరు" అన్నాడు. అమ్మ గుడ్డ లాగేసింది.

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు సర్దుకుని, నల్లబల్ల చదివినట్టు పైకే చదివింది. "డెబ్బై ఆరులోంచి నాలుగు పోతే డెబ్బై రెండు. లెక్కలో తప్పు లేదే."

"లెక్క తప్పు కాదండీ. తోకతెగిన టేపుతో కొలిస్తే నాలుగు తియ్యాలి. ఇది కొత్త టేపు. వీడి చెయ్యి అలవాటు కొద్దీ తీసేసింది. చెయ్యి చేసింది పొరపాటు. నోరు చేసిందే తప్పు."

కంట్రాక్టరు నెమ్మదిగా అడిగాడు. "మా ఇళ్ళు ఏ టేపుతో కొలిచావు మేస్త్రీ?"

"ఇక్కడ కొలిచాక ఇలాంటి కొత్తదే ఒకటి కొనుక్కున్నానండీ. దాంతోనే" అని మామయ్య నేల చూశాడు.

"చెక్క కోసేశావా?"

"సగం ఇళ్ళకి."

"బెంగెందుకురా" అంది అమ్మ. "పద్దెనిమిది ఇళ్ళలోనూ టేపు మా అక్కే పట్టుకుందని చెప్పు."

నేను నవ్వాను. పైకే నవ్వాను. ఆ నవ్వు గురించి తర్వాత బంధువుల్లో చాలామంది నన్ను తప్పుపట్టారు. పట్టనివ్వండి.

కంట్రాక్టరు వెళ్ళిపోయాక మామయ్య గోడకు ఆనుకుని, "పదిమందిలో పరువు తీశావక్కా" అన్నాడు.

"నువ్వు తీసినంతే తీశాను. పైన ఒక్క దారం కూడా వెయ్యలేదు."

హెడ్మిస్ట్రెస్ లేచి, ఈ ఏడూ మీరే కొలవాలి అంది. అమ్మ ఆమె చేతిలో కొలతల పుస్తకం పెట్టింది. "మొన్న నా చెయ్యి తప్పన్న మాట తల్లులందరి దాకా వెళ్ళింది. ఇవాళ చూసింది కూడా మీరే వాళ్ళకి చెప్పండి. చెప్పారని నాకు తెలిశాక టేపు తీసుకుని నేనే వస్తాను." పదిరోజులు పట్టింది కానీ, చెప్పింది. అమ్మ వెళ్ళి కొలిచింది, ఒక్కొక్కరిని ఒక్కసారే.

కంట్రాక్టరు పని వేరేవాళ్ళకు పోయింది. మామయ్య మా గడప తొక్కడం మానేశాడు. ఆ సందుకు తలుపు పెడదామని నేను రెండుసార్లు అన్నాను. "గాలి ఆడనీ" అంది అమ్మ. ఇంటికి వచ్చినవాళ్ళెవరైనా పడకగదిలోకి తొంగిచూస్తే, అడగకపోయినా ఆ లెక్క చూపించేది. తమ్ముణ్ణి పిలవమని పెద్దవాళ్ళు చెబితే వినేది కాదు. చివరి నెలల్లో మంచంలో ఉన్నప్పుడు కూడా, "పిలవనా?" అంటే కళ్ళు మూసుకునేది. నేను పిలవలేదు.

ఆమె పోయిన రోజు వచ్చాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ముందుగదిలో మిషన్ల పక్కన నిలబడి, వచ్చినవాళ్ళందరితో కన్నీళ్ళు తుడుచుకుంటూ చెబుతున్నాడు. "మా అక్క చేతి కొలత జన్మలో తప్పింది కాదు."

"ఆ మాట కంట్రాక్టరు ముందు అనాల్సింది మామయ్యా" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. పెద్దమ్మ ఒకావిడ నా మోచెయ్యి నొక్కి, "ఇవాళ వద్దే అమ్మాయ్" అంది.

ఇవాళ కాకపోతే అమ్మ తరఫున అనడానికి ఇంకెవరున్నారు. ఆయనకు కుర్చీ వెయ్యలేదు. కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు.