నిండుగా తిరిగొచ్చిన డబ్బా

దుబాయ్ దగ్గరి అల్ ఐన్‌లో ఒక విల్లాలో వంటపని వజీరాబీది. రాయచోటిలో ఆమె ఇల్లంతా ఈ జీతం మీదే నడుస్తుంది. పైఅంతస్తు పని ఒయున్‌ది, మంగోలియా పిల్ల. ఇద్దరినీ కలిపింది పనిలో పడి నేర్చుకున్న వచ్చీరాని వంటింటి అరబ్బీ.

కొత్తలో వజీరాబీ గిన్నెలో సేమ్యా పాయసం పెట్టిస్తే, ఒయున్ పైకి మడిచిన చొక్కా చేతులు మర్యాదగా దించుకుని, రెండు చేతులా అందుకుని నుదుటికి ఆనించుకుంది. మర్నాడు గిన్నె తిరిగొచ్చింది, అడుగున రాళ్ళలాంటి ఎండు పెరుగుముక్కలతో. గిన్నె ఖాళీగా తిప్పి పంపడం వాళ్ళలో తప్పట.

"మా ఊర్లోనూ అంతేలే పాపా. చిటికెడు చక్కెరైనా ఏసి పంపుతాం," అంటూ వజీరాబీ ముక్క కొరికి, "యా అల్లా, పన్ను ఇరిగేట్టుండాదే!" అని నవ్వింది.

2006లో ఒయున్ పని ఒప్పందం గడువు తీరింది. వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, కఫీల్, పాస్‌పోర్టు ఇవ్వలేదు సరికదా, ఆ పిల్లను ఇంకో ఇంటికి బేరం పెట్టాడు. యజమానులు ఖర్జూరం తోటకు వెళ్ళిన శుక్రవారం వజీరాబీ తాళంచెవి వెతికి, కఫీల్ బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి, తన స్టీలు డబ్బాలో చపాతీల కింద దాచి, వెనక గేటు దగ్గర అందించింది. అప్పుడూ ఒయున్ చొక్కా చేతులు దించుకుంటూ నిలబడింది.

"మర్యాదలు తర్వాత! యల్లా, పో తల్లీ!"

మేడం గద్దించి అడిగితే వజీరాబీ తనకేమీ తెలియదంది. మేడం నమ్మింది.

నెల తర్వాత మంగోలియా నుంచి పార్శిల్ వచ్చింది. ఒయున్‌కు తెలిసిన చిరునామా ఆ విల్లాదే. మేడమే విప్పింది. నీలం పట్టు కండువాలో చుట్టిన స్టీలు డబ్బా, నిండా పెరుగుముక్కలు. మూత మీద చెక్కించిన వజీరాబీ పేరు తెలుగులో ఉంది. మేడం దాన్ని చదవనక్కర్లేదు. రోజూ తన వంటింట్లో చూసిన డబ్బానే.

పరాయి పాస్‌పోర్టును బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే దొంగతనం కాదట. దాన్ని సొంతదారు చేతికిస్తే దొంగతనమట! రావలసిన జీతం ఎగ్గొట్టి, వీసా రద్దు చేయించి, వజీరాబీని విమానం ఎక్కించమన్నారు.

"ఆ పిల్లకు బుద్ధుండాదా ఆపా?" విమానాశ్రయానికి కారు నడుపుతూ ఆ ఇంటి డ్రైవర్ హయాత్ బాషా మండిపడ్డాడు. "తప్పించుకున్నది గమ్మున ఉండక, డబ్బా పంపేదేంది? నీ నోట్లో మన్ను కొట్టె!"

"నేనైనా పంపేదాన్నే బాషా." ఒళ్ళో డబ్బాను రెండు చేతులతో పట్టుకుని ఉంది వజీరాబీ. "ఆ పార్శిల్ అట్ట మింద పాప అడ్రసుంటాది. మేడం చించిపారేసింది. దొరికితే తీసిపెడతావా? ఈసారి పంపాల్సింది నేను గదా."

"చెత్తబండి పొద్దున్నే ఎత్తుకపోయింది ఆపా. ఖలాస్."

వజీరాబీ మూత మరింత గట్టిగా నొక్కింది.