వరి చేలో గుండ్రం

నాది పుట్టుకతో అనుమానపు బుద్ధి. పాలవాడు పాలకంటే నురగ ఎక్కువ పోస్తున్నాడేమోనని, నురగ అణిగేదాకా అతన్ని గుమ్మంలో నిలబెట్టే మనిషిని. విజయవాడ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక ఆ బుద్ధికి పని తగ్గింది. మొన్న కార్తీకంలో మళ్ళీ చేతినిండా పని దొరికింది.

కూచిపూడి దగ్గర మా నాన్న ఇచ్చిన ఎకరన్నర చేను ఉంది. పన్నెండేళ్ళుగా ఒకే కౌలు రైతు చేస్తున్నాడు. అతనికి సొంతానికి సెంటు భూమి లేదు. మా చేను పండితేనే వాళ్ళింట్లో పొయ్యి వెలుగుతుంది.

ఓ ఉదయం భవానీపురంలో మా పక్కింటావిడ ఫోన్ పట్టుకొచ్చి వీడియో చూపించింది. పచ్చటి వరి చేను మధ్యలో, చక్రం పెట్టి గీసినట్టు గుండ్రంగా పైరు నేలకి పడిపోయి ఉంది. గ్రహాంతరవాసులు దిగారా అని కింద పెద్ద అక్షరాలు. గట్టు మీద జంట తాటిచెట్లు చూసి గుర్తుపట్టాను. అది నా చేనే! కాఫీ అక్కడే వదిలేసి బస్సెక్కాను.

వెళ్ళేసరికి గట్టు మీద జనం. ఎవరో అప్పుడే కొబ్బరికాయ కొట్టి కుంకుమ కూడా చల్లారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కౌలు రైతూ, అతని భార్యా గుండ్రంలో వంగి, పడిపోయిన దుబ్బుల్ని లేపి, నాలుగేసి కలిపి కట్టి నిలబెడుతున్నారు.

నేను తాడు తెప్పించి కొలిచాను. మధ్య నుంచి ఎటు కొలిచినా దాదాపు ఒకటే దూరం. గాలివాన పడగొడితే చేనంతా పడాలి గానీ, ఇంత పొందిగ్గా గుండ్రంగా ఎలా పడుతుంది? పైగా నడిమధ్యలో పళ్ళెమంత జాగాలో ఒక్క మొక్క లేదు. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాను. అక్కడ మేకు పాతి, తాడు కట్టి, చెక్కతో చుట్టూ తొక్కి ఉంటారు. విదేశాల్లో ఇలాగే చేస్తారని ఎక్కడో చదివాను. ఎవరికి లాభం? పంట పోయిందని చెప్పి కౌలు తగ్గించమనేవాడికి!

అడిగితే అతను తల వంచుకుని, గాలికి పడిందండీ అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకున్నాను. అంతమంది ముందు అనేశాను.

“మేకు ఎవరు పాతారో చెప్పు. చెప్పకపోతే వచ్చే ఏడాది చేను వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను.”

అతను మళ్ళీ వంగి దుబ్బులు కట్టసాగాడు. అతని భార్య మాత్రం నడుం నిటారుగా చేసి, చేతిలో దుబ్బు వదిలేసి నా దగ్గరికొచ్చింది. మొగుడు వద్దే అంటున్నా వినలేదు.

“అక్కడ మేకు లేదండి మేడమ్ గారూ. అక్కడ నిలబడింది మీరేనండి.”

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఆ రోజు గుర్తొచ్చింది.

వినాయక చవితి వెళ్ళిన వారం చేను చూడ్డానికి వచ్చాను. మీ చెయ్యి మంచిదండీ, యూరియా మీరే మొదలుపెట్టండి అన్నాడతను. నేను బేసిన్ చంకనెత్తుకుని దర్జాగా చేలోకి దిగాను. కొంత దూరం వెళ్ళాక కాళ్ళు బురదలో దిగబడిపోయాయి. పడతానన్న భయంతో అడుగు తీయలేదు. నిలబడినచోటే చుట్టూ తిరుగుతూ, చెయ్యి విసిరినంత దూరం చల్లాను. తూలినప్పుడు కొంత నా కాళ్ళ దగ్గరే ఒలికింది. సగం చేనుకి చల్లాల్సిన బేసిన్ అక్కడే ఖాళీ చేశాను. అతను గట్టు మీంచి రెండుసార్లు, ఇక చాలండీ అన్నాడు. నాకు తెలీదా అని కసిరాను.

ఒలికినచోట మొక్క మాడిపోయింది. నేను విసిరినంత మేరా పైరు ఏపుగా, మెత్తగా పెరిగి, మొదటి గాలివానకే పడిపోయింది. నేను తాడుతో కొలిచింది నా చెయ్యి విసురునే.

నెలన్నర నుంచీ అతనికి ఇదంతా తెలుసు. మేడమ్ గారు చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదట. సిగ్గుతో చచ్చిపోయాను. అంతమంది ముందే, తప్పు నాదేనన్నాను. చేను నీదేనయ్యా, నేను బతికున్నంత కాలం నువ్వే చెయ్యి అన్నాను. చెప్పులు గట్టు మీద విప్పి, నేనూ దిగి దుబ్బులు లేపడం మొదలుపెట్టాను.

చాలాసేపటికి అతను నా వైపు చూశాడు.

“వచ్చే ఏడాదీ మీ చేత్తోనే మొదలుపెట్టండి మేడమ్ గారూ. కాకపోతే నా చెయ్యి పట్టుకుని, నడుస్తూ చల్లండి.”