అల్లుడి అన్న ఎక్కించిన కొత్త సిస్టం

మాచర్లలో మోటార్లు చుట్టే అబ్దుల్ జబ్బార్ ఇంట్లో కంప్యూటర్ ఉందంటే ఎనభై తొమ్మిదిలో కూడా జనం నమ్మేవారు కాదు. సిమెంటు ఫ్యాక్టరీలో పనికి పోయినప్పుడు మూలన పడేసిన పెట్టెను అడిగి తెచ్చుకుని, బాగుచేసి, ముందు గదిలో పెట్టుకున్నాడు. ఆకుపచ్చ అక్షరాల తెర, రెండు ఫ్లాపీలు. ఒకటి సిస్టం ఫ్లాపీ, అది పెడితేనే యంత్రం మేలుకుంటుంది. రెండోదాంట్లో ఊరివాళ్ల రక్తం గ్రూపులు.

ఆ జాబితా అంటే ఆయనకు ప్రాణం. తమ్ముడు లారీ కింద పడి, రక్తం దొరక్క పోయిన నాటినుంచి, ఏ స్కూల్లో రక్త పరీక్షలు జరిగినా వెళ్లి పేరూ వీధీ గ్రూపూ రాసుకొచ్చేవాడు. కాగితాలకు చెదలు పడుతుంటే, ఫ్యాక్టరీ ఇంజనీరు మల్లికార్జునరావు రాసిచ్చిన ప్రోగ్రాంలో నాలుగొందల పేర్లూ ఎక్కించి, కాగితాలు పొయ్యిలో వేయించాడు. ఎవరొచ్చి ఏ గ్రూపు అడిగినా నిమిషంలో పేరు చూసి, ఆ మనిషిని తనే స్కూటర్ మీద ఆసుపత్రికి చేర్చేవాడు. వాళ్లిచ్చే టీ కూడా తాగేవాడు కాదు.

ఆ వేసవిలో అల్లుడి అన్న సుభానీ చూసిపోదామని వచ్చాడు. గుంటూరు కంప్యూటర్ సెంటర్లో పని. భోంచేసి చెయ్యి తుడుచుకుంటూ తెర వంక చూసి నవ్వాడు.

"ఏంది మామా, ఇంకా ఈ ముసలి సిస్టమేనా? కొత్తది నా సంచిలోనే ఉంది. ఎక్కిస్తా."

"ఇది బానే ఉంది బాబూ."

"మీరు మోటార్లకు మాత్రం కొత్త తీగ చుడతారు, ఇంట్లో పాతదేనా!"

వియ్యాలవారి మనిషి, కాదనొద్దని తలుపు చాటునుంచి భార్య చాంద్ బీ సైగ చేసింది. జబ్బార్ మొహమాటపడ్డాడు. ఖాళీ ఫ్లాపీ లేకపోతే సుభానీ పాత సిస్టం ఉన్నదాన్నే తుడిచి, దానిమీద కొత్తది ఎక్కించాడు. చూడ్డానికి సొంపుగానే ఉంది. జాబితా తెరిచి చూద్దామనిపించినా, తన పనిని నమ్మలేదనుకుంటాడని జబ్బార్ నోరు మెదపలేదు. అతను వెళ్లాక మోటార్ల పనిలో పడి మరిచేపోయాడు.

నాలుగో రోజు పొద్దున పది గంటలకు ఏసయ్య పరుగున వచ్చాడు. వడ్రంగి పనివాడు, పక్క వీధే.

"అన్నా, మా ఆవిడ ప్రేమకుమారికి కాన్పయింది. ఆడపిల్ల. రక్తం ఆగట్లేదు. ఓ నెగెటివ్ కావాలంట. గుంటూరు పోయి తెచ్చేదాకా ప్రాణం ఆగదంట."

"నిమిషం తమ్ముడూ."

జాబితా తెరుచుకోలేదు. మెమరీ చాలదని ఇంగ్లీషులో ఒక్క ముక్క. మళ్లీ పెట్టాడు, మళ్లీ అదే. కొత్త సిస్టం చోటంతా తనే ఆక్రమించుకుని కూర్చుంది. పేర్లు ఫ్లాపీలో భద్రంగానే ఉన్నాయి. చూసే దారి లేదు.

"ఒక్కరన్నా గుర్తులేరా అన్నా?"

గుర్తున్న ఒక్కడు లారీ డ్రైవరు, మద్రాసు పోయి వారమైంది. ఏసయ్యను ఆసుపత్రికి పంపి, జబ్బార్ ఫ్యాక్టరీకి స్కూటర్ తోలాడు. మల్లికార్జునరావు మీటింగులోంచి లేచొచ్చి, చెమట తుడుచుకోమని తన తువ్వాలిచ్చి, బీరువాలన్నీ వెతికి పాత సిస్టం ఫ్లాపీ తీసిచ్చాడు. ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. ఈసారి జాబితా తెరుచుకుంది. మూడు పేర్లు. మొదటిది జ్ఞానయ్య, టీచరు. ఇల్లు ఆసుపత్రి వెనక వీధి.

జ్ఞానయ్య అన్నం ముందునుంచి లేచొచ్చాడు. ఇద్దరూ వెళ్లేసరికి ఏసయ్య తల్లి హన్నమ్మ పసిగుడ్డును కొంగులో చుట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. ఏడవడం లేదు. పెదాలు మాత్రం ప్రార్థనలో కదులుతున్నాయి.

"కోడలు పోయి పావుగంటయింది నాయనా," అన్నది.

జ్ఞానయ్య అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడుచుకుని ఉన్నాడు. "నా రక్తం ఈ పిల్లకేమన్నా పనికొస్తుందా?" అని నర్సును అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

జబ్బార్ లోపలికెళ్లి ఏసయ్య ముందు నిలబడ్డాడు. కరెంటు పోయిందనో, యంత్రం చెడిందనో అనొచ్చు. దేవుడు చూస్తున్నాడు, అనలేకపోయాడు.

"తమ్ముడూ, యంత్రంలో పాత సిస్టమే మంచిదని నాకు తెలుసు. చుట్టం నొచ్చుకుంటాడని మార్చనిచ్చాను. రక్తమిచ్చే మనిషి ఈ వెనక వీధిలోనే ఉన్నాడు."

ఏసయ్య ఆయన మొహంలోకి చూశాడు. వెనక్కి తిరిగి, భార్య కాళ్ల మీద దుప్పటి సర్ది, ఆ మంచం పక్కనే కూలబడ్డాడు.