బోర్లించిన బకెట్లు

పటమటలో మా పక్కవాటాలో ఉండే రిటైరైన టీచరుగారు ఎవరింటికెళ్లినా ముందు బాత్రూంలోకి తొంగిచూసేవారు. బకెట్లో నీళ్లు కనిపిస్తే పారబోసి, బోర్లించి, అప్పుడొచ్చి కూర్చునేవారు. కుళాయి వచ్చేది పొద్దున కాసేపే. ఈవిడకిదేం చాదస్తమని నాకు ఒళ్లు మండేది.

మా పాప పాకడం మొదలెట్టాక ఇక రోజూ రాసాగారు. ఓరోజు మా అత్తగారు ఉండబట్టలేక అడిగేశారు. "పట్టుకున్న నీళ్లన్నీ అలా పారబోస్తే ఎలాగండీ?"

టీచరుగారు బకెట్ వదల్లేదు. "మా బాబుదీ అప్పుడు ఈ వయసేనండీ. పాలవాడు పిలిస్తే వాకిట్లోకెళ్లాను. పాలు పోయించుకుని వచ్చేలోపే... బకెట్లో సగం నీళ్లే ఉన్నాయండీ. చప్పుడైనా కాలేదు."

అత్తగారు పాపకి నీళ్లుపోసే టబ్బు తనే తీసుకెళ్లి బోర్లించారు.

తర్వాత ఓసారి టీచరుగారికి జ్వరమొస్తే, జావ ఇవ్వడానికి మొదటిసారి ఆవిడ వాటాలోకి వెళ్లాను. ఒక్కరే ఉండేవారు. ఆ ఇంట్లో పసిపిల్లలు తిరిగి ఎన్నేళ్లయిందో. చేతులు కడుక్కుందామని బాత్రూం తలుపు తీశాను. బకెట్టే కాదు, మగ్గు కూడా బోర్లించి ఉంది.