వాన మాస్టారి ఒకే ఒక్క ప్రశ్న

ఆ యూనివర్సిటీ చరిత్ర శాఖలో ఎవరు ఏ విషయం మీద మాట్లాడినా, చివర్లో ఒక పెద్దమనిషి లేచి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆ రోజు వాన పడిందా?" యుద్ధం కానీ, పట్టాభిషేకం కానీ, రాజుగారు సింహాసనం వదిలి పారిపోవడం కానీ, ఆయనకి కావలసింది మాత్రం వాన. విద్యార్థులు ఆయనకి వాన మాస్టారని పేరు పెట్టుకుని, అసలు పేరు జీతాల గుమాస్తాకి వదిలేశారు.

కొత్త లెక్చరర్ ఆ శాఖలో చేరిన మొదటి వారంలోనే ఈ ప్రశ్న వింది. ఆమె వేరే చోట చదువుకుని వచ్చిన మనిషి. అందరికంటే చిన్నది కాబట్టి ఏడాది పొడుగునా జరిగే కార్యక్రమాలన్నీ ఆమె నెత్తిన పెట్టేశారు. అతిథుల ఉపన్యాసాలు, నాణేల ప్రదర్శన, కోట చూడ్డానికి ప్రయాణం, ఏడాది చివర విద్యార్థుల ప్రసంగాలు. అంటే వాన మాస్టారి ప్రశ్నలన్నీ దగ్గరుండి వినే యోగం కూడా ఆమెదే.

మొదటి అతిథి యుద్ధాల చరిత్రలో మహా ఘనుడు. ఒక కోట ముట్టడి గురించి ఆయన మాట్లాడుతుంటే హాల్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప మరేం వినపడలేదు. అంతా అయ్యాక వాన మాస్టారు కళ్ళజోడు సర్దుకుంటూ లేచారు.

"చాలా గొప్పగా చెప్పారండీ. ఒక చిన్న సందేహం. గోడ కూలిన రోజు వాన పడిందా?"

"వానా?"

"వానేనండి."

"వానకీ దీనికీ ఏమిటండీ సంబంధం?"

"అదే నేనూ ఆలోచిస్తున్నానండి. ఇంతకీ పడిందా?"

అతిథి కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పారు. గ్లాసెడు నీళ్ళు తాగారు. తెలీదన్నారు. "పర్లేదండి, తొందరేం లేదు," అని మాస్టారు కూర్చున్నారు. హాలంతా గొల్లుమంది. శాఖ హెడ్డుగారి మొహం మాడిపోయింది. కొన్నాళ్ళకి డిపార్ట్‌మెంట్ ఫోను మోగితే లెక్చరర్ తీసింది. అవతల ఆ మహా ఘనుడు, ఒకటే ఆయాసం. "పడిందమ్మా! మూడు రోజులు ఏకధాటిగా పడింది! గోడ నాని కూలిందమ్మా! మీ పెద్దాయనకి చెప్పు!" వెర్రి ప్రశ్న ఒకటి అంత పెద్ద గోడని ఎలా కదిలించిందో ఆమెకి అంతుపట్టలేదు.

నాణేల ప్రదర్శనలో మ్యూజియం ఆవిడ ఒక అరిగిపోయిన వెండి నాణెం చూపిస్తుంటే, "ఇది పారేసుకున్న రోజు..." అని ఆయన మొదలుపెట్టారు. "మాస్టారూ!" అన్నారు హెడ్డుగారు పళ్ళ బిగువున. కోట ప్రయాణంలో నిజంగానే కుంభవృష్టి పట్టుకుంది. అందరూ తడిసి ముద్దయి ఒక విరిగిన కమాను కింద దూరారు. మాస్టారొక్కరే వాన మధ్యలో నిలబడి ఆకాశంలోకి చూస్తూ మురిసిపోయారు.

"ఏం మాస్టారూ, ఇప్పుడు అడగరేం?" అన్నారు హెడ్డుగారు జేబురుమాలు నెత్తిన పరుచుకుని.

"ఇప్పుడెందుకండీ, కనిపిస్తూనే ఉందిగా!"

ఏడాది చివరికి వచ్చింది. పరిశోధనకి ఆ ఏడు ఉన్నది ఒక్కటే సీటు. అది ఎవరికివ్వాలో బయటినుంచి వచ్చే కమిటీ ప్రసంగాలు విని తేలుస్తుంది. అందరిలోకీ బాగా రాసేది ఒక అమ్మాయి. కాకపోతే ఆ పిల్లకి నోరు పెగలదు. హాజరు పిలిస్తే కూడా పలకకుండా చెయ్యెత్తేది. ఒకప్పటి బట్టల మార్కెట్ తగలబడిపోయిన సంగతి మీద ఆమె వ్యాసం రాసింది. లెక్చరర్ దాన్ని చదివి, ఈ సీటు ఈ పిల్లకి రాకపోతే అన్యాయమే అనుకుంది.

ముందురోజు హెడ్డుగారు లెక్చరర్ని పిలిచారు. "చూడండి మేడం, కమిటీవాళ్ళు ఆషామాషీ మనుషులు కారు. మీ ఉద్యోగం కూడా ఇంకా పర్మనెంటు కాలేదు, గుర్తుంచుకోండి. రేపు మాస్టారు నోరు తెరవకూడదు. ఆ బాధ్యత మీదే."

ఆమె కాళ్ళీడ్చుకుంటూ మాస్టారి గదికి వెళ్ళింది. "మాస్టారూ, రేపు ఒక్కరోజుకి..."

"అడగొద్దన్నారా? సరేనమ్మా, అడగను." ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "పోనీ, నువ్వు అడుగుతావా?"

"నేనా! వాన గురించా!"

"ఆ పిల్ల జవాబు వెతుక్కుని వస్తుందమ్మా. వ్యాసం ఇచ్చేసిన రోజే చెప్పాను, వాన గురించి అడుగుతాను, చూసుకుని రా అని. ప్రసంగం చేసే ప్రతి విద్యార్థికీ ముందే చెప్పేస్తాను. తెలిసిన ప్రశ్న ఒకటి వస్తుందంటే కాళ్ళలో వణుకు తగ్గుతుంది. మొదటి జవాబు బయటపడిందా, మిగతావి వాటంతటవే వస్తాయి."

"మరి అంతంత పెద్దవాళ్ళని కూడా ఎందుకు అడుగుతారు?"

"పిల్లల్నే అడిగితే జాలిపడి అడిగినట్టు తెలిసిపోదూ? అందర్నీ అడిగితే నా పిచ్చి అనుకుని ఊరుకుంటారు."

"అంటే ఇన్నేళ్ళుగా కావాలనే నవ్వులపాలవుతున్నారా?"

"పిచ్చి కూడా కొంచెం ఉందిలే," అన్నారాయన సిగ్గుపడుతూ. "నీకిష్టమైతేనే అడుగమ్మా. బలవంతం లేదు."

వణికే పిల్లలు నలుగురిలో చిన్నబోకూడదని ఒక మనిషి ఉద్యోగం చేసినన్నాళ్ళూ తనని తాను వెర్రివాడిగా నిలబెట్టుకున్నాడు. లెక్చరర్ ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకుని బయటికి వచ్చింది.

మర్నాడు ఆ అమ్మాయి కాగితంలోంచి తలెత్తకుండా చదివేసింది. ముందు వరసకి కూడా సరిగ్గా వినపడలేదు. కమిటీ పెద్దావిడ మెత్తగానే ఒక ప్రశ్న వేసింది. అమ్మాయి పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. ఇంకొకాయన కలం మూత పెట్టేశాడు. అమ్మాయి వెనక వరసలో ఉన్న మాస్టారివైపు చూసింది. మాట ఇచ్చిన పాపానికి ఆయన పైకప్పుని చూస్తూ కూర్చున్నారు.

లెక్చరర్ హెడ్డుగారివైపు చూడకుండా లేచింది. "నాదొక చిన్న సందేహం. మార్కెట్ తగలబడిన రోజు వాన పడిందా?"

హాలు హాలంతా పగలబడి నవ్వింది. హెడ్డుగారు తల పట్టుకున్నారు.

"పడింది మేడం," అంది అమ్మాయి. ఆ గొంతు వెనక వరస దాకా వెళ్ళింది. "పొద్దున్నించీ వదలకుండా పడింది. ఊళ్ళో సర్కస్ కూడా ఆ వానకే ఆపేశారు. పేపర్లో వేశారు."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దావిడ ముందుకి వంగింది. "ఎండకి ఎండిన గడ్డి అంటుకుని మార్కెట్ కాలిందని విచారణలో తేల్చారన్నావు కదమ్మా?"

"తేల్చారు మేడం. అది అబద్ధం. అంత వానలో బయట గడ్డి ఎలా అంటుకుంటుంది? తాళం వేసిన గోడౌన్ల లోపల్నించే అంటుకుంది. తాళంచెవులు యజమానుల దగ్గరున్నాయి."

ఈ మాట వ్యాసంలో లేదు. వాన కోసం వెతుకుతుంటే తర్వాత దొరికింది. లెక్చరర్ వెనక్కి తిరిగి చూస్తే మాస్టారు కూడా నోరు తెరుచుకుని వింటున్నారు. కమిటీ అడుగుతూనే ఉంది, అమ్మాయి చెబుతూనే ఉంది. తెచ్చిన టీలన్నీ చల్లారిపోయాయి. సీటు ఆ పిల్లకే వచ్చింది.

"చాలా మంచి ప్రశ్న వేశారు," అని పెద్దావిడ లెక్చరర్ చెయ్యి పట్టుకుంది. హెడ్డుగారు గబుక్కున మధ్యలోకి వచ్చారు. "మా శాఖలో వాతావరణానికి మొదట్నించీ చాలా ప్రాధాన్యం ఇస్తామండీ!" వాన మాస్టారు మాత్రం పక్కనున్నాయనతో అందరికీ వినపడేలా, "ఏమిటో ఈ కొత్తవాళ్ళు! అడగడానికి ఇంకేం దొరకవు కాబోలు!" అంటూ వెళ్ళిపోయారు.

వరండాలో రెండో ఏడాది కుర్రాడొకడు లెక్చరర్‌కి ఎదురొచ్చాడు. వచ్చే వారం వాడి మొదటి ప్రసంగం. ఇద్దరు రాజులు సంధి చేసుకున్న ఘట్టం మీద. చేతిలో కాగితాలు అప్పుడే చెమటకి తడిసి ఉన్నాయి. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"సంధి కుదిరిన పూట భోజనంలోకి ఏం వండారని అడుగుతాను. చూసుకుని రా."