దిండు కింద మోగిన లాప్‌టాప్

నిక్షేపంలాంటి లాప్‌టాప్‌ని మధ్యాహ్నమంతా కష్టపడి, "సార్ సార్" అని మర్యాదగా పిలుస్తూ, ఫోనులోనే పాడు చేయించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఉద్యోగం వచ్చి కార్ఖానా ఏరియాలో హాస్టల్లో చేరాక, మల్కాజ్‌గిరిలోని మా ఇల్లు తలపుకొస్తే ముందు ఆ ఆదివారమే గుర్తొస్తుంది.

అప్పుడు నా డిగ్రీ చివరి ఏడాది. నా లాప్‌టాప్ స్పీకర్ మూగబోయింది. వారంటీ ఆ వారంతో సరి. చిక్కేమిటంటే, అందరూ వాడే విండోస్ తీసేసి లైనక్స్ పెట్టుకునే చిన్న గుంపులో నేనొకదాన్ని. ఊరంతా బస్సెక్కితే మేం సైకిల్ తొక్కుతాం, చెయిన్ ఊడితే మేమే వేసుకుంటాం.

మొదటిసారి ఫోన్ చేసి నిజమే చెప్పాను. అటువైపు అమ్మాయి కాసేపు సంగీతం వినిపించి వచ్చి, లైనక్స్‌కి సపోర్ట్ లేదంది. స్పీకరుకి కులగోత్రాలేమిటని అడగాలనిపించింది. కానీ బస్సులో టికెట్ అడగడానికే రెండు స్టాపుల దాకా ధైర్యం కూడగట్టుకునే రకాన్ని. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

మా గుంపులో ఒక రహస్య విద్య ఉంది. విండోసేనని చెప్పి, నొక్కమన్నవన్నీ నొక్కినట్టు నటిస్తే, వాళ్లే విసిగి టెక్నీషియన్ని ఇంటికి పంపుతారు. నటించడానికి ఎదురుగా ఒక విండోస్ ఉండాలి కదా. నాన్న లాప్‌టాప్ అదే కంపెనీది, అందులో విండోసే ఉంది. ఆయన సీతాఫల్‌మండిలో మా మేనత్త ఇంటికి వెళ్లగానే దాన్ని మంచం మీద పెట్టుకుని మళ్లీ ఫోన్ చేశాను.

ఈసారి దొరికిన కుర్రాడు విసుగు తెలియనివాడు. నా కర్మ. అక్కడినుంచే స్క్రీన్ చూసి తనే బాగుచేస్తానని కోడ్ అడిగాడు. కాదనడానికి నోరు రాక నాన్న లాప్‌టాప్‌దే ఇచ్చేశాను.

"సౌండ్ ప్లే చేస్తున్నా మేడమ్. వస్తోందా?"

నాన్న లాప్‌టాప్ గుడిగంటలా మోగింది. చటుక్కున దిండు వేసి నొక్కాను.

"రావట్లేదు సార్."

"చిన్నగా కూడా?"

"అస్సలు రావట్లేదు సార్," అన్నాను, దిండు కింద అది గోల పెడుతుండగా.

పాపం, తెలిసిన వైద్యమంతా చేశాడు. చివరికి మొత్తం తుడిచేసి కొత్తగా మొదలుపెడదామన్నాడు. బ్యాకప్ ఉందా అని కూడా అడిగాడు. అప్పటికి ఏమడిగినా ఉందనడం నాకు అలవాటైపోయింది. ఉందన్నాను.

అంతా అయ్యాక మళ్లీ మోగించాడు. దిండు జారింది.

"వచ్చింది మేడమ్, నాక్కూడా వినబడింది." పురిటిగది బయట నిలబడ్డ తండ్రిలా మురిసిపోయాడు. ఆ సంతోషం మీద నీళ్లు పోయలేక అవునన్నాను. రేపు సీనియర్ ఫోన్ చేస్తారని, నేను సరేనంటే కేసు మూసేస్తారని చెప్పాడు. ఆ ఫోనులో నా స్పీకర్ ఇంకా మోగట్లేదన్న నిజం చెప్పేసి దాన్ని దక్కించుకోవాలనుకున్నాను.

సాయంత్రం నాన్న వచ్చి లాప్‌టాప్ తెరిచారు.

"బిడ్డా, నా చదరంగం ఆట ఏది?"

నెలల తరబడి కంప్యూటర్‌తో ఒకటే ఆట ఆడుతున్నారట, రోజుకో ఎత్తు వేసి దాచుకుంటూ. నేను చేసిందంతా చెప్పి ఏడ్చేశాను. నాన్న లాప్‌టాప్ మూసి అన్నానికి లేచారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు సీనియర్ ఫోన్ చేయగానే నాన్న చెయ్యి చాపి నా ఫోన్ తీసుకున్నారు.

"మీ పిలగాడు మస్తు మంచిగ చేసిండు సార్. ఆ ఆటల నా మంత్రి పోయె, ఏనుగులు పోయె, రాజు మూలకు పడె. ఇగ రెండెత్తులల్ల ఓడిపోతుంటి. వారం సంది పరేషాన్ ఉన్న. ఒక్క దెబ్బకు ఇజ్జత్ కాపాడిండు. ఇగ ఏం తక్లీఫ్ లేదు, కేసు బంద్ చెయ్యిన్రి."

నేను నోరు తెరిచేలోపు బంద్ చేశారు. మళ్లీ ఫోన్ చేసే ధైర్యం కూడగట్టుకునేలోపు వారం తిరిగి వారంటీ కూడా బంద్.

ఆ రోజు నుంచి నాన్న కంప్యూటర్‌తో ఆడటం మానేసి నాతో ఆడుతున్నారు. నేనైతే పద్ధతిగా ఓడిపోతానట. ఇప్పటికీ ఆదివారం ఇంటికి వెళ్తే బల్ల మీద పావులు సర్ది ఉంటాయి.

కస్టమర్ కేర్ వాళ్లతో జన్మలో అబద్ధమాడనని నా లాప్‌టాప్ స్పీకర్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. రేపు నేను మాట తప్పినా, సాక్ష్యం చెప్పడానికి దానికి నోరు లేదు.