కుడివైపు నుంచి వచ్చే కారు

1979 మార్చిలో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌కు వచ్చేనాటికి ఆండాళ్‌కు ముప్ఫై ఒక్కేళ్లు. అంతకుముందు నాలుగేళ్లు నార్వేలో, బెర్గెన్ నగర శివారు ఓసానెలో ఉంది. ఒకప్పుడు అది వేరే మునిసిపాలిటీ. 1972లో నగరంలో కలిపేశారు. అయినా పెద్దవాళ్లు ఉత్తరాల మీద పాత పేరే రాసేవారు. ఎడతెగని వాన. కానీ వీధి చివర బస్సు ఆగేది. గొడుగు పట్టుకుని ఎక్కడికైనా వెళ్లేది.

మిషిగన్‌లో వాన తక్కువ. ఆమె ఉన్న వీధికి బస్సు లేదు, నడిచే బాట లేదు. భర్త దామోదర్ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఉన్న ఒక్క కారూ ఏడింటికి ఆయనతో వెళ్లి ఆరింటికి తిరిగొచ్చేది. ఆ పదకొండు గంటలూ ఆండాళ్‌కు వంటింటి కిటికీలోంచి కనిపించేది ఎదురింటి గ్యారేజీ తలుపు. అదీ మూసే ఉండేది.

బయటపడాలంటే లైసెన్సు కావాలి. ఓసానెలో పక్కింటావిడ సగం డ్రైవింగ్ నేర్పింది: కుడివైపు సందులోంచి కారొస్తే ఆగు, ముందు దాన్ని పోనివ్వు. నార్వేలో రూలు అది. పరీక్ష రోజు ఆండాళ్ అదే చేసింది. పెద్ద రోడ్డు మీద ఆగిపోయింది. ఇక్కడ ఆగాల్సింది సందులోని కారు. అదీ తన స్టాప్ బోర్డు దగ్గర ఆగింది. ఇద్దరూ ఒకరికొకరు దారిచ్చుకుంటూ కూర్చున్నారు. వెనక హారన్లు మోగాయి. పరీక్షించే ఆయన పెన్ను మూసేశాడు.

రెండోసారీ అంతే. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

“ఆ ఊరే బెర్గెన్‌లో కలిసిపోయింది. నువ్వు మాత్రం ఇక్కడ ఇంకా కలవలేదు,” అన్నాడు దామోదర్.

“నవ్వండి. రోజంతా ఇంట్లో కూర్చునేది మీరు కాదుగా.”

“నీ పరీక్ష కోసం ఇంకోసారి లీవ్ అడగలేను. లేఆఫ్‌లు నడుస్తున్నాయి.”

ఏడాది పైనే గడిచింది. 1980 అక్టోబరులో స్నేహితురాలు శాంతి తన కారులో పరీక్షకు తీసుకెళ్లింది. “ఆండాళ్ గారూ, కుడివైపు నుంచి దేవుడొచ్చినా ఆగకండి,” అంది.

ఆండాళ్ పాసైంది. లైసెన్సు వచ్చింది, కారు రాలేదు.

“రెండో కారు సంగతి లేఆఫ్‌లు తేలాక చూద్దాం,” అన్నాడు దామోదర్.

“అయితే పొద్దున్న మిమ్మల్ని నేనే డ్రాప్ చేస్తాను.”

“ఆఫీస్‌లో అందరూ చూస్తారు.”

“చూడనివ్వండి.”

మర్నాడు ఆరున్నరకే కోటు వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. దామోదర్ కాసేపు గ్యారేజీలో నిలబడి, చివరికి అవతలి తలుపు తీశాడు.

ఆయన్ని దింపి షాపుల వైపు వెళ్లింది. పదింటికి గానీ తెరవరు. అప్పటికి ఏడుంబావు. ఖాళీ పార్కింగ్‌లో ఇంజను ఆపి కూర్చుంది. అద్దాల మీద మంచు పేరుకుంటోంది. ఇల్లు పది నిమిషాల దారి. వెళ్లలేదు.